ఫైండ్స్ యూ వెల్

చీమకుర్తిలో మా ఆఫీసంటే
కోత మిషన్ల పక్కన ఒక రేకుల గది.
కీబోర్డు సందుల్లో రాతిపిండి,
'ఈ' అక్షరం రెండుసార్లు కొడితే గాని పడదు.
ఇక్కణ్ణించే రోజూ ఇటలీకి రాస్తాను, చైనాకి రాస్తాను.
ఎన్నడూ చూడని మనుషుల క్షేమం
పదిన్నర లోపల నలభైసార్లు కోరతాను.

నేర్పింది పిచ్చయ్య గారు.
ఒంగోలు పొగాకు కంపెనీలో
ముప్పై ఏళ్లు టెలెక్సు కొట్టిన చెయ్యి.
"మనకి రావాల్సుంటే జెంటిల్ రిమైండర్ అని ఎత్తుకో.
మనమే ఇవ్వాల్సుంటే అపాలజీస్ ఫర్ ద డిలే.
ఏ గొడవా లేదనుకో,
ఐ హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ వెల్.
గుమ్మంలో చెప్పులు విడవటం లాంటిదమ్మా అది.
విడిచి లోపలికి పో.
చెప్పుల గురించి ఎవరూ మాట్లాడరు."

నిజమే అనుకున్నా.
మా నానీ పోస్టుమాన్ చేత రాయించే కార్డుల్లోనూ
మొదటి వరస ఎప్పుడూ ఒకటే:
ఇక్కడ మేమంతా క్షేమం.
రెండో వరసలో చావు కబురున్నా సరే.

పోయిన ఎండాకాలం, వడగాడ్పుల్లో
ఆశీర్వాదం వచ్చాడు.
క్వారీలో డ్రిల్లరు.
కుడి చెయ్యి మణికట్టు దాకానే ఉంది.
ఇన్సూరెన్సు వాళ్లకి మెయిలు పెట్టాలంట.
పాలసీ నంబరు రాసుకున్న బీడీకట్ట కాగితం
ఎడం చేత్తో తీశాడు, చొక్కా కుడి జేబులోంచి,
దానికే చాలాసేపు పట్టింది.

విత్ రెఫరెన్స్ టు అని మొదలెట్టాను.
"ముందు ఆయన ఎట్టుండాడో అడిగావా?"
"అయ్యన్నీ అవసరం లేదులే బాబాయ్."
"అవసరం మనది గదా పాపా. అడక్కుండా ఎట్టా?"

తుడిచేసి ఆ ముక్క కొట్టాను.
తెలుగులో చెప్పమన్నాడు.
ఆరేళ్లుగా కొడుతున్నా
ఒక్కనాడూ తెలుగులో అనుకోలేదు దాన్ని.
ఒక్కో మాటే తడుముకుంటా చెప్పాను:
"ఈ ఉత్తరం మిమ్మల్ని వెతుక్కుంటా వచ్చేసరికి
మీరు బాగుండంగా కనపడాలని నా ఆశ."

కాసేపు ఏం మాట్లాడలా.
బయట రంపం నీళ్లు తాగుతా రాయిని కోస్తంది.
"ఉత్తరమే వెతుక్కుంటా పోద్దా?
మంచి మాటే.
ఆ రోజు బండ గూడా
నన్నట్టానే వెతుక్కుంటా వచ్చింది పాపా.
బాగుండంగానే కనపడ్డా దానికి."

ఆస్పత్రి చీటీ, ఆధారు, చెయ్యి ఫోటో.
ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్ అని కొట్టబోయి
చివరి మాట దగ్గర ఆగాను.
ఇంకో మాటేదన్నా ఉందేమోనని వెతికాను.
లేదు.
అదే కొట్టి పంపించాను.

నిమిషంలో జవాబు పడింది:
మీ నంబరు ఇది, దీనికి బదులు రాయొద్దు.
ఆ నంబరు కూడా బీడీకట్ట కాగితం మీదే రాసిచ్చాను.
భద్రంగా మడిచాడు.

ఇప్పుడు ఇటలీ బెర్తోలీ గారికి కొట్టేటప్పుడు
ఆయన గదికి కిటికీ ఉందో లేదో అనుకుంటాను.
ఆరు కంటైనర్లు ఎక్కాక
మనిషి బాగుండే ఉంటాడు.
అయినా.

ప్రతి సోమవారం ఆశీర్వాదం గేటు దాకా వస్తాడు.
జవాబు వచ్చిందా అని అడగడు.
"సారు దొరికాడా మీరాబీ?" అంటాడు.
ఉత్తరం వెతుక్కుంటా పోయింది గదా.
"దొరకలా బాబాయ్."
జారే తువ్వాలు ఎడం చేత్తో భుజానికి ఎగదోసుకుంటా
"ఒంట్లో బాగలేదేమో, పాపం" అంటాడు.